తలుపు ఎప్పుడు మూయాలో తెలిసిన సెక్షన్

చట్టాన్ని పనితనం కోసం చదివేవాళ్లు తక్కువ. వకీలు వాదన కోసం చదువుతాడు, కక్షిదారు భయంతో చదువుతాడు, మిగతావాళ్లు అసలు చదవరు. అయినా ఎప్పుడో ఒకసారి ఏదో ఒక సెక్షన్ చదువుతుంటే, ఇది రాసినవాళ్లకు మనుషులు బాగా తెలుసే అనిపిస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలో లాభాపేక్ష లేని సంస్థల చట్టంలోని సెక్షన్ 715-బి అటువంటిది. మొత్తం ఒక పేజీలో పట్టేస్తుంది. అనాథాశ్రమమో, ఆస్పత్రో, కళాసంఘమో నడిపే సంస్థలో అక్రమం జరుగుతోందని లోపలి మనిషే నోరు విప్పితే, ఆ మనిషి మీద ఎవరూ కక్ష సాధించకుండా చూడడం ఎలా? ఆ పేజీలో ఉన్నదంతా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు.

కంపెనీలో దొంగలెక్క పట్టుకున్నవాడికి ఎదురయ్యేది యజమాని కోపం. సేవాసంస్థలో పట్టుకున్నవాడికి దానితోపాటు సొంత మనసూ అడ్డం పడుతుంది. ఇక్కడ అందరూ మంచిపని కోసమే చేరారు. తప్పు చేసిన పెద్దమనిషి ఇరవై ఏళ్లు ఆ సంస్థకు చాకిరీ చేసినవాడే కావచ్చు. బయటపెడితే దాతలు వెనక్కి తగ్గుతారు, పిల్లలకు పూట గడవదు, పైగా సంస్థ పరువు తీశాడన్న నింద మోయాలి. ఇది ఉత్త భయం కాదు. హైతీలో భూకంపం తర్వాత సహాయానికి వెళ్లిన ఆక్స్‌ఫామ్ సిబ్బందిలో కొందరి లైంగిక దుష్ప్రవర్తన 2011లోనే సంస్థ లోపల విచారణకు వచ్చింది. లోకానికి పూర్తిగా తెలిసింది మాత్రం 2018 ఫిబ్రవరిలో, పత్రికల ద్వారా. అంతకుముందు ఆ సంస్థలో రక్షణ విభాగాన్ని చూసిన హెలెన్ ఎవాన్స్, ఫిర్యాదులు పెరుగుతున్నా పైవాళ్లు తగినంత పట్టించుకోలేదని అదే నెలలో టీవీలో చెప్పారు. కొద్ది రోజుల్లోనే దాదాపు 7,000 మంది దాతలు నెలవారీ విరాళాలు ఆపేశారు. నోరు విప్పితే విరాళాలు పోతాయనుకున్నవాళ్ల అంచనా తప్పేమీ కాదు. దాచితే పోవనుకోవడమే తప్పు.

ఈ సమస్య మీద అమెరికాలో 715-బి కన్నా ముందు రెండు ప్రయత్నాలు జరిగాయి. ఎన్రాన్ కంపెనీ కుప్పకూలాక 2002లో వచ్చిన సర్బేన్స్-ఆక్స్‌లీ చట్టం ప్రధానంగా షేర్ మార్కెట్ కంపెనీల కోసం రాసినదే. అయినా అందులోని ఒక నిబంధన సేవాసంస్థలకూ వర్తిస్తుంది. ఫెడరల్ నేరం గురించి దర్యాప్తు అధికారికి నిజం చెప్పినవాడి మీద కావాలని కక్ష సాధిస్తే పదేళ్ల దాకా జైలు. శిక్ష గట్టిదే, కానీ పరిధి ఇరుకు. మొదట సొంత మేనేజర్‌కు చెప్పి చూద్దామనుకున్న సామాన్య గుమస్తాకు ఆ కాపు అందదు. రెండోది 2008లో సంస్కరించిన పన్ను పత్రం, ఫారం 990. పెద్ద సేవాసంస్థలు ఏటా నింపే ఆ పత్రం ఆరో భాగంలో, అక్రమాలను ఫిర్యాదు చేసేవారి కోసం రాతపూర్వకమైన విధానం ఉందా అన్న ప్రశ్న చేరింది. అవును, కాదు అని రెండు గళ్లు. ఎక్కడో దొరికిన నమూనా తెచ్చి, సంస్థ పేరు మార్చి, ఫైల్లో పెట్టేసినవాడు కూడా నిశ్చింతగా 'అవును' గడిలో టిక్కు పెట్టేయవచ్చు.

న్యూయార్క్ శాసనకర్తలు 2013లో సేవాసంస్థల చట్టాన్ని తిరగరాసినప్పుడు ఆ టిక్కును దాటి వెళ్లాలనుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులో గవర్నర్ సంతకం చేసిన సంస్కరణ 2014 జులై 1 నుంచి అమలైంది. 715-బి అందులో భాగం. ఇరవై మంది, అంతకు మించి ఉద్యోగులుండి, కిందటి ఆర్థిక సంవత్సరంలో పది లక్షల డాలర్లకు పైగా ఆదాయం వచ్చిన ప్రతి సంస్థా తన పాలకవర్గం చేత ఈ విధానాన్ని ఆమోదింపజేయాలి. ఆమోదిస్తే చాలదు, అమలును పర్యవేక్షించాలి, అది పాటిస్తున్నారో లేదో కూడా చూడాలి. ఫైల్లో నిద్రపోయే కాగితాలకు ఒక వాక్యంలో మూడు పనులతో చెక్ పెట్టారు. బాధ్యత మేనేజర్ మీద కాక పాలకవర్గం మీద పెట్టడంలోనూ ఎరుక ఉంది. ఫిర్యాదు మేనేజర్ మీదే వచ్చే అవకాశం ఎక్కువ కదా!

ఇక ఎవరిని కాపాడాలన్న జాబితా చూడండి. డైరెక్టరు, ఆఫీసు బేరర్, సంస్థలో గట్టి పలుకుబడి ఉన్న ముఖ్యవ్యక్తి, ఉద్యోగి, వాలంటీరు. జాబితా పైనుంచి మొదలవుతుంది. పాలకవర్గంలో కూర్చున్నవాడికి రక్షణెందుకు అని ఎవరికైనా అనిపిస్తుంది. సేవాసంస్థను లోపలినుంచి చూసినవాళ్లకు ఆ సందేహం రాదు. పదిమంది డైరెక్టర్లలో ఒక్కడు లెక్కలు అడిగితే మిగతా తొమ్మిదిమందీ వాణ్ని ఎలా పక్కకు నెడతారో వాళ్లకు తెలుసు. జాబితా చివర వాలంటీరు ఉన్నాడు. బ్రిటన్‌లో 1998 నాటి ప్రజాహిత వెల్లడి చట్టం ఎంతో పేరున్నదే, కానీ అది పనివారి చుట్టూ అల్లుకున్నది. జీతం లేకుండా సేవ చేసేవాడు సాధారణంగా దాని గొడుగు కిందికి రాడు. సేవాసంస్థలో సగం పని చేసేదే అటువంటివాడు. ఆదివారం అన్నదానం దగ్గర బియ్యం బస్తాలు లెక్కపెట్టేది అతనే, తేడా ముందు కనిపించేదీ అతనికే. ఆ ఒక్క మాట చేర్చడంతో న్యూయార్క్ సెక్షన్ సేవాసంస్థ కొలతలకే కుట్టించిన చొక్కాలా అమరింది.

కక్షసాధింపును చెప్పిన తీరు కూడా ఆ చొక్కాకు తగ్గట్టే ఉంది. బెదిరింపు, వేధింపు, వివక్ష, మరే రకమైన ప్రతీకారమైనా సరే, అందరికీ వర్తించేలా ముందు రాశారు. ఉద్యోగం మీద పడే దెబ్బను ఉద్యోగుల వరకే విడిగా చివర పెట్టారు. వాలంటీరుకు పోయే ఉద్యోగం లేదు. అతనికి దక్కే శిక్ష వేరు. వాట్సాప్ గుంపులోంచి తీసేస్తారు, మీటింగు కబురు అందదు, పోయినేడు వేదిక మీద కూర్చున్నవాడికి ఈ ఏడు వెనక వరస కుర్చీ. ఉద్యోగం ఊడడం ఒక్కటే కక్షసాధింపని రాసుంటే ఇవన్నీ చట్టం కన్నుగప్పి జారిపోయేవి.

ఏం చెబితే రక్షణ దొరుకుతుంది? మూడు రకాల విషయాలు చెబితే. చట్టవిరుద్ధమైనది, మోసపూరితమైనది, సంస్థ తానే ఆమోదించుకున్న ఏదైనా విధానానికి విరుద్ధమైనది. మూడోదాన్ని తేలిగ్గా దాటిపోతాం కానీ రోజువారీ ఉపయోగం దానిదే ఎక్కువ. సేవాసంస్థల్లో చెడు చాలాసార్లు నేరం దాకా పోదు. మూడు కొటేషన్లు తెప్పించకుండా బావమరిదికి పని ఇవ్వడం, పద్దు కింద సంతకం లేకుండా ప్రయాణ ఖర్చు రాసుకోవడం, పిల్లల వసతి గదుల్లోకి ఒంటరిగా వెళ్లకూడదన్న నియమాన్ని పెద్దాయన విషయంలో చూసీచూడనట్టు వదిలేయడం వంటివి. పోలీసు స్టేషన్‌కు వెళితే కేసు కట్టేంత బలం వీటికి ఉండదు. కానీ రేపటి నేరానికి దారి ఇక్కడే పడుతుంది. సంస్థ తన నియమాలను తానే గోడకు తగిలించుకుంది కాబట్టి, ఆ గోడ వైపు వేలు చూపినవాణ్ని కాపాడడం కూడా దాని బాధ్యతే అంటుంది సెక్షన్.

'అనుమానిత' అన్న విశేషణం కూడా గమనించదగ్గది. జరిగిన అక్రమాన్నే కాదు, జరిగిందని అనుమానించినదాన్ని చెప్పినా రక్షణ ఉంటుంది. చెప్పేవాడు సదుద్దేశంతో చెప్పాలన్నదే షరతు. రుజువులన్నీ చేతికొచ్చాకే మాట్లాడమంటే, ఆఫీసు బీరువా తాళాలు లేని గుమస్తా జన్మలో మాట్లాడలేడు. రుజువు వెతకడం సంస్థ పని, కనిపించింది చెప్పడం మనిషి పని. ఫిర్యాదు చివరికి నిలవకపోయినా, కుళ్లుబుద్ధితో చేసింది కాకపోతే రక్షణ చెక్కుచెదరదు. సెక్షన్ ఇంకొకటి కూడా చేయలేదు, అదీ మంచిదే. చూసిన ప్రతిదీ చెప్పి తీరాలని ఎవరి మీదా విధి మోపలేదు. కొన్ని సంస్థల విధానాలు ఆ విధి మోపి, చెప్పనివాణ్నీ నేరస్థుణ్ని చేసి, చివరికి అందరినీ మూగవాళ్లను చేస్తాయి.

నాకు ఈ పేజీలో అన్నిటికన్నా నచ్చిన చోటు రహస్యం గురించి రాసిన వాక్యం. ఫిర్యాదు చేసినవాడి పేరును రహస్యంగా ఉంచే పద్ధతి ఉండాలని ఎవరైనా రాస్తారు. ఇక్కడ రాసింది, చెప్పిన సమాచారాన్ని రహస్యంగా ఉంచే పద్ధతి ఉండాలని. తేడా చిన్నదిగా కనిపిస్తుంది. ఇరవై ముప్ఫై మంది పనిచేసే ఆఫీసులో పేరు దాస్తే ఏం దాగుతుంది? ఫలానా తేదీ ఓచరు మీద సంతకం దిద్దారని ఫిర్యాదు వచ్చిందంటే, ఆ ఓచరు ఎవరి బల్ల మీదినుంచి వెళ్లిందో అందరికీ తెలుసు. సమాచారమే మనిషిని పట్టిస్తుంది. అందుకే కాపలా పేరు దగ్గర కాక విషయం దగ్గర పెట్టారు.

ఆ కాపలా లేకపోతే ఏమవుతుందో మన దేశానికి తెలుసు. జాతీయ రహదారుల పనుల్లో అక్రమాల గురించి ఇంజనీరు సత్యేంద్ర దూబే 2002లో ప్రధాని కార్యాలయానికి లేఖ రాస్తూ తన పేరు బయటికి రానివ్వొద్దని వేడుకున్నారు. లేఖ ఆయన వివరాలతో సహా బల్లలు మారింది. 2003 నవంబరులో గయలో ఆయన హత్యకు గురయ్యారు. అది దోపిడీ కోసం జరిగిన హత్య అని దర్యాప్తు తేల్చినా, దేశం మరిచిపోనిది బల్లలు మారిన ఆ లేఖనే. దాని తర్వాతే 2004లో కేంద్రం ఫిర్యాదుదారుల రక్షణకు తీర్మానం తెచ్చింది.

ఇక తలుపు సంగతి. 2016లో సవరణ చేసినప్పుడు సెక్షన్‌లో రెండు ముఖ్యమైన చేర్పులు వచ్చాయి. మొదటిది, సంస్థలో జీతం తీసుకుంటూ డైరెక్టరుగా కూడా ఉన్నవాళ్లు ఈ విధానం నిర్వహణ మీద జరిగే చర్చలో, ఓటింగులో పాల్గొనకూడదు. అటువంటి కార్యనిర్వాహకుడు పాలకవర్గం కింద ఉద్యోగి, అదే పాలకవర్గంలో సాటి సభ్యుడు. ఆ రెండు టోపీల మనిషి ఎదుట అతని కింది సిబ్బంది గోడు వినడం ఎంత కష్టమో రాసినవాళ్లకు తెలుసు. రెండోది, ఫిర్యాదు ఎవరి మీద వచ్చిందో ఆ వ్యక్తి దాని మీద చర్చ జరిగేటప్పుడు గదిలో ఉండకూడదు, ఓటు వేయకూడదు. కానీ చర్చ మొదలుకాకముందు ఆయన్ని పిలిచి వివరాలు అడగవచ్చు, ప్రశ్నలకు జవాబులు రాబట్టవచ్చు.

ఈ ముందూ వెనకల్లోనే పనితనమంతా ఉంది. ఆరోపణ ఎదుర్కొంటున్నవాడి మాట వినకుండా తీర్పు చెప్పడం అన్యాయం. అతను కూర్చుని చూస్తుండగా అతని గురించి నిజం మాట్లాడుకోవడం అయ్యే పని కాదు. పదిహేనేళ్లుగా కలిసి కాఫీ తాగిన మనిషి ఎదురుగా ఉంటే, ఎంత గట్టివాడైనా గొంతు సవరించుకుని, ఇందులో పెద్ద విషయమేమీ లేదులెండి అంటాడు. ఇది దుర్మార్గం కాదు, మొహమాటం. రెండు న్యాయాలకూ చోటు ఇవ్వడానికి సెక్షన్ కాలాన్ని రెండుగా కోసింది. రండి, మీరు చెప్పుకోవాల్సింది చెప్పుకోండి, ఇక బయట కూర్చోండి. తలుపు మూసిన తర్వాతే చర్చ. నిష్పాక్షికంగా ఉండాలన్న హితబోధ ఎక్కడా లేదు. మనుషులు మారరని ఒప్పుకుని కుర్చీల్ని మార్చారు.

చివరి నిబంధన, ఈ విధానం కాపీ డైరెక్టర్లకు, ఆఫీసు బేరర్లకు, ముఖ్యవ్యక్తులకు, ఉద్యోగులందరికీ, గణనీయమైన సేవ చేసే వాలంటీర్లకూ అందాలని. సంస్థ వెబ్‌సైటులో పెట్టినా, ఆఫీసులో అందరి కంటా పడే చోట అంటించినా చెల్లుతుంది. హక్కు ఉందని తెలియనివాడికి ఆ హక్కు లేనట్టే కాబట్టి, నోటీసు బోర్డును కూడా చట్టంలోకి తెచ్చారు.

కాగితం మీద ఇంత చక్కగా ఉన్న సెక్షన్ కోర్టు బోనులో ఎలా నిలిచింది? దానికి పెద్ద పరీక్ష నేషనల్ రైఫిల్ అసోసియేషన్ (ఎన్ఆర్ఏ) దగ్గర ఎదురైంది. తుపాకుల రాజకీయాన్ని కాసేపు పక్కన పెడదాం. ఆ సంస్థ 1871లో న్యూయార్క్‌లో నమోదైన లాభాపేక్ష లేని సంస్థ. మూడు దశాబ్దాలకు పైగా దాన్ని నడిపింది వేన్ లాపియర్. ఆ సంస్థకు అధ్యక్షుడిగా ఉన్న ఆలివర్ నార్త్ వకీళ్ల బిల్లుల మీద, డబ్బు వ్యవహారాల మీద సమీక్ష జరగాలన్నారు. 2019 ఏప్రిల్‌లో ఇండియానాపోలిస్ వార్షిక సమావేశానికి ఆయన రాలేదు. తనను మళ్లీ ఆ పదవికి ప్రతిపాదించడం లేదన్న ఆయన లేఖను మాత్రం చదివి వినిపించారు. జాబితా పైనుంచి ఎందుకు మొదలైందో దీన్ని చూస్తే తెలుస్తుంది. సాక్షాత్తూ అధ్యక్షుడే లెక్క అడిగి నిలవలేని సంస్థలు ఉంటాయి.

2020 ఆగస్టులో న్యూయార్క్ అటార్నీ జనరల్ లెటీషియా జేమ్స్ దావా వేశారు. ఇది రాజకీయ కక్ష అని ఎన్ఆర్ఏ వాదించింది. 2024 జనవరిలో మన్‌హాటన్‌లో విచారణ మొదలైంది, ఫిబ్రవరి 23న జ్యూరీ తీర్పు వచ్చింది. ప్రైవేటు విమానాలు, విలాస ప్రయాణాల వంటి ఖర్చులతో లాపియర్ సంస్థకు దాదాపు 54 లక్షల డాలర్ల నష్టం చేశారని, అంతకుముందే కట్టిన మొత్తం పోగా ఇంకా 43.5 లక్షల డాలర్లు చెల్లించాలని తేల్చింది. విజిల్‌బ్లోయర్ల రక్షణ కోసం రాష్ట్రం రాసిన నిబంధనలను సంస్థ ఉల్లంఘించిందని కూడా చెప్పింది. అదే ఏడాది జులైలో, లాపియర్ పదేళ్లపాటు ఆ సంస్థలో జీతమొచ్చే పదవి చేపట్టరాదని న్యాయమూర్తి నిషేధించారు. డబ్బు తినడం ఒక తప్పైతే, తింటున్నారని చెప్పేవాళ్లకు దారి లేకుండా చేయడం విడిగా మరో తప్పుగా తీర్పుకెక్కింది. నా దృష్టిలో ఈ సెక్షన్‌కు అదే అసలు గెలుపు.

మెచ్చుకుంటున్నామని లోపాలు దాచనక్కర్లేదు. కక్షసాధింపుకు గురైన మనిషి స్వయంగా దావా వేయవచ్చో లేదో ఈ సెక్షన్ తన నోటితో చెప్పలేదు, ఆ మీమాంస కోర్టుల్లో నలిగింది. ఉద్యోగులకు మాత్రం రాష్ట్ర కార్మిక చట్టంలోని మరో సెక్షన్, 2022లో బలపడ్డాక, కొంత ఊరట ఇస్తుంది. వాలంటీరుకు అదీ అంతంతే. ఫిర్యాదు అందిన ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో 715-బిలో లేదు. పేరు చెప్పకుండా ఫిర్యాదు పంపే దారి ఉండి తీరాలనీ లేదు. ఇరవై మంది ఉద్యోగులు, పది లక్షల డాలర్ల హద్దు మరో చిక్కు. కోట్ల విరాళాలు చేతులు మారినా, పనంతా వాలంటీర్లే చేసుకునే సంఘం ఆ హద్దుకు ఇవతలే ఉండిపోతుంది. అమెరికాలో మన తెలుగు సంఘాలు చాలావరకు అలా నడిచేవే. తప్పనిసరి కాదని ఊరుకోకుండా ఇష్టపూర్వకంగా ఈ పేజీని తమ నియమావళిలో చేర్చుకుంటే పోయేదేమీ లేదు.

ఇక మన ఇంటి సంగతి. 2014లో పార్లమెంటు ఆమోదించిన ప్రజావేగుల రక్షణ చట్టం ప్రభుత్వోద్యోగుల అవినీతి గురించినది, అదీ అమల్లోకి రాలేదు. 2013 కంపెనీల చట్టం కోరే అంతర్గత ఫిర్యాదు వ్యవస్థ లిస్టెడ్ కంపెనీలకు, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునేవాటికి, బ్యాంకుల నుంచి 50 కోట్లకు మించి అప్పు తెచ్చుకున్నవాటికే. గుంటూరులోనో వరంగల్‌లోనో సొసైటీగా నమోదైన అనాథాశ్రమం వాటిలో ఎక్కడా తగలదు. ఒక్క విషయంలో మాత్రం మన చట్టం న్యూయార్క్ కన్నా ముందుంది. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం స్వచ్ఛంద సంస్థలకూ, ట్రస్టులకూ, సొసైటీలకూ వర్తిస్తుంది. పదిమంది ఉద్యోగులుంటే చాలు, బయటి వ్యక్తి ఒకరితో కూడిన కమిటీ వేయాలి. విచారణ నడుస్తుండగానే ఫిర్యాదు చేసినామెకు సెలవు, బదిలీ వంటి తక్షణ ఊరట ఇప్పించే వీలుంది. 715-బిలో ఆ ఊరట లేదు. కానీ డబ్బు గోల్‌మాల్ గురించో, పిల్లల భోజనంలో కోత గురించో చెప్పినవాడికి మన దగ్గర అటువంటి కమిటీ గడప లేదు.

ఆ గడప కట్టుకోవడానికి శాసనసభ దాకా పోనక్కర్లేదు, సర్వసభ్య సమావేశం చాలు. సొంత నియమావళి మార్చుకునే అధికారం ప్రతి సొసైటీకీ ఉంది. వచ్చే సమావేశంలో ఎవరైనా లేచి ఒక ప్రశ్న అడగాలి: రేపు ఫిర్యాదు కార్యదర్శి మీదే వస్తే, ఆ కవరు ఎవరు తెరుస్తారు? పేరుతో సహా జవాబు చెప్పగలిగిన సంస్థ సగం దారి వచ్చేసినట్టే. కవరు తెరిచాక చర్చ మొదలయ్యే ముందు గదిలోంచి ఎవరు లేచి వెళ్లాలో కూడా మినిట్స్ పుస్తకంలో రాసుకుంటే మిగతా సగం కూడా నడిచినట్టే.